చుక్కలు తిరుగుతున్న లాప్‌టాప్

"చుక్కలు తిరిగినంతసేపు దాన్ని ముట్టకు. నేనొచ్చి చూస్త."

"సరే గాని, జర చెప్పులేసుకో."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా ఆయన సారయ్య చెప్పులు వేసుకోలేదు. ఎడమ భుజం పట్టుకుని ఆటో ఎక్కాడు. పక్కన మా మరిది మల్లేశం కూర్చున్నాడు. ఆటో దవాఖాన దిక్కు తిరిగింది. నేను దుకాణంలో, ఎవరిదో లాప్‌టాప్ ముందు నిలబడి ఉన్నాను. నల్లటి తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది, మనిషి లేడని.

చావు ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను ఒకటే అడిగారు. "ఏమన్న చెప్పి పోయిండా?" అని. ఏం చెప్పను? లాప్‌టాప్ ముట్టొద్దని చెప్పి పోయాడు. ముప్పై ఏళ్ల కాపురానికి అదీ ఆఖరి మాట. కొందరు నా మొహం చూసి, దుఃఖంలో ఏదో మాట్లాడుతున్నానని జాలిపడ్డారు.

ఇప్పుడు దుకాణం మల్లేశం బిడ్డ శ్రావణికి అప్పగించాను. నా కళ్లు మసకబారాయి, చిన్న స్క్రూలు పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. "పెద్దమ్మా, పని సంగతులు చెప్పు, నేను రాస్త, కొత్తగ వచ్చేటోళ్లు సదువుకుంటరు" అని శ్రావణే కూర్చోబెట్టింది. నాకు అంకెలు వచ్చు, నా పేరు రాయడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, ఆమె టైపు కొడుతోంది. దుకాణం ఎట్లా పెట్టాం, ఎంత పెరిగింది, ఆ సంగతులు వద్దు. ఎవరికీ పనికిరావు.

మా పని

హన్మకొండలో మా ఇంటి ముందు గదే దుకాణం. వెనుక మేముండేవాళ్లం, నడుమ ఒక తలుపు. ఆయన మొదట రేడియోలు, తరువాత టీవీలు, ఆ తరువాత కంప్యూటర్లు బాగుచేశాడు. సిస్టం విప్పడం, దుమ్ము దులపడం, మళ్లీ బిగించడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం నా పని. తెర మీది ఇంగ్లీషు నాకు తెలియదు. రంగు తెలుసు. నీలం తెర మీద ఏడుపు మొహం బొమ్మ వస్తే ఆయన్ని పిలవాలి. నల్ల తెర మీద చుక్కలు తిరుగుతుంటే ఊరికే కూర్చోవాలి.

జనానికి మా దగ్గర తెలిసిన మందు ఒకటే, విండోస్ కొట్టడం, అంటే పాతది తుడిచి మళ్లీ ఎక్కించడం. సిస్టం స్లో అయినా అదే, పాట వినపడకపోయినా అదే, మూత విరిగినా అదే. జ్వరం గోలీ అడిగినట్టు అడుగుతారు. ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక మిర్చి అడ్తిదారు వచ్చేవాడు. ఒకసారి వచ్చి, అప్పటికే వేరే చోట విండోస్ కొట్టించాననీ, నడుమలోనే ఆగిపోతోందనీ, మళ్లీ కొట్టమనీ అన్నాడు. నేను వెనక మూత విప్పానో లేదో, దుకాణంలో ఉన్న అందరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఫ్యాను నిండా ఎర్రటి మిరప దుమ్ము.

"ఏం సేటూ, గిది లాప్‌టాపా, కారం గిర్నీయా?" అన్నాడు మా ఆయన కళ్లు తుడుచుకుంటూ.

"గిర్నైతే మంచిగుంటుండె, కనీసం తిరుగుతుండె. గిది తిరుగుతలేదనే గద నీ దగ్గరికి తెచ్చిన!" అన్నాడు అడ్తిదారు.

దుమ్ము దులిపితే వేడి తగ్గింది, విండోస్ ఏ తకరారూ లేకుండా ఎక్కింది. కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. విండోస్ నడుమలో ఆగిపోతే విండోస్‌ను తిట్టకండి, మళ్లీ మళ్లీ కొట్టకండి. అది ఎక్కాల్సిన చోట ఏమైందో చూడండి. పెన్‌డ్రైవ్ చెడిపోయిందా, వేడెక్కుతోందా, లోపల డిస్కు ముసలిదైందా? ఒకే పనిని నాలుగుసార్లు చేసి, ఐదోసారి వేరేగా అవుతుందనుకోవడం పని కాదు.

డిస్కు సంగతి ఆయనే నాకు నేర్పాడు. పాత రకం డిస్కులో ఒక రేకు తిరుగుతూ ఉంటుంది, దాని మీద చిన్న పుల్ల నడుస్తుంది. రేకు పాడైతే పుల్ల తట్టుకుని టిక్కుటిక్కుమంటుంది. "ఆ సప్పుడు ఇనవడ్డదా, గప్పుడే కరెంటు తియ్యి. ఇగ ఎంతసేపు తిరిగితే అంత గీసుకపోతది" అనేవాడు. నేను చదవలేకపోయినా వినగలను కాబట్టి ఆ కాపలా నాకు అప్పగించాడు.

సేటు నేర్పిన మాట

పెళ్లికి ముందు ఆయన వరంగల్ చౌరస్తా దగ్గర రేడియోలు బాగుచేసే ఒక సేటు కింద పనిచేశాడు. సేటు చేతి పనిలో దొడ్డవాడే. కానీ ఆయన దగ్గర ఒక సూత్రం ఉండేది. చెయ్యి జారి ఏదైనా కాలిపోతే, "చెయ్యి జారింది" అనకూడదు, "పార్టు పోయింది" అనాలి. ఒకసారి సేటే ఒక ముసలాయన రేడియో కాల్చి, ఆ మాట మా ఆయనతో చెప్పించాడు. ముసలాయన "పోనీ బిడ్డా, దాని కాలం తీరింది" అని ఆ రేడియోనే తువ్వాలలో కట్టుకుని తీసుకుపోయాడట. ఆ తువ్వాల సంగతి మా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ నెలలోనే సేటు దగ్గర మానేశాడు.

పని నేర్పిన మనిషిని గౌరవించాలి, నిజమే. నేర్పినదంతా మోయనక్కర్లేదు.

కొత్తవాడ నుంచి వచ్చిన సిస్టం

ఆయన పోయిన రోజు బల్ల మీద ఉన్న లాప్‌టాప్ లలితది. లలితవాళ్లది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. ఆమె మామ ఆ వాడలోనే పేరున్న నేతగాడు. పువ్వులు, నెమళ్లు, చదరాల లోపల చదరాలు, అన్నీ ఆయన తలకాయలోనే ఉండేవి. కాగితం మీద ఒక్క గీత ఉండేది కాదు. పక్షవాతం మొదటిసారి కొట్టినప్పుడు లలితకు భయం పట్టుకుంది. ముసలాయన చెబుతుంటే ఒక్కొక్క నమూనా లాప్‌టాప్‌లో గడులుగడులుగా వేసింది. రెండోసారి కొట్టినప్పుడు ఆయన మాట పోయింది. ఇక ఆ నమూనాలు ఉన్నది లాప్‌టాప్‌లోనే.

ఇదంతా మాకు తెలియదు. ఎందుకంటే లాప్‌టాప్ తెచ్చింది లలిత కాదు, ఆమె తమ్ముడు. బస్సు తొందరలో ఉన్నాడు.

"అన్నా, ఆన్ చేస్తే మళ్ల మళ్ల అదే మొదటికొస్తాంది. విండోస్ కొట్టెయ్యి."

"లోపల ఏమన్న ఉన్నదా తమ్మీ?"

"ఏం లేదన్నా. ఉంటె డీ డ్రైవ్‌ల ఉంటది. నువ్వు కొట్టెయ్యి, ఫికర్ చెయ్యకు."

డిస్కును రెండు అరలుగా చేసి సీ, డీ అంటారు, విండోస్ ఉండేది సీ లో. మా ఆయన డీ డ్రైవ్‌ను ముట్టలేదు. సీ డ్రైవ్‌ను తుడిచేసి విండోస్ మొదలుపెట్టాడు. తెర మీద ఎదురుగా కనపడేలా పెట్టుకున్నవన్నీ సీ లోనే ఉంటాయని మాకు తెలుసు, వాడేవాళ్లలో చాలామందికి తెలియదు. రోజూ పనిచేసే మనిషి రోజూ కావలసిన వస్తువును కళ్ల ముందే పెట్టుకుంటుంది. లలిత తన నమూనాలన్నీ అక్కడే పెట్టుకుంది.

విండోస్ సగం దాకా ఎక్కి ఆగింది. పెన్‌డ్రైవ్ మార్చాడు, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి మొదలుపెట్టాడు. అప్పటికే భుజం రుద్దుకుంటున్నాడు. "పైన ఫ్యాను బంద్ చేసి ఒకసారి సప్పుడు ఇందాం" అని నేను అంటే, "చెమటలు పడతానయే, ఉండనియ్యి" అన్నాడు. ఆ చెమటలు ఎండవి కావని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

తలుపు అవతల

సాయంత్రానికి దహనం అయిపోయింది. నన్ను నడుమ గదిలో, ఆయన్ని పడుకోబెట్టిన చోట వెలిగించిన దీపం పక్కన కూర్చోబెట్టారు. దినాలు అయ్యేదాకా దుకాణం తలుపు తీయకూడదని పెద్దలు చెప్పారు. షట్టరు మల్లేశమే దించాడు. లాప్‌టాప్ మాత్రం ఆపలేదు. "అన్న ఆఖరి మాట వదినే. ముట్టద్దన్నడు, ముట్టద్దు. దానంతట అదే అయితది" అన్నాడు. మల్లేశానికి ఈ పని తెలియదు. అన్న అంటే దేవుడు, అంతే.

మర్నాడు పొద్దున ఏడ్చేవాళ్లు కొంచెం తగ్గారు. ఇల్లు నిమ్మళమైంది. అప్పుడు తలుపు అవతలి నుంచి విన్నాను. టిక్కు. కాసేపాగి టిక్కు, టిక్కు.

నా లోపల ఏం జరిగిందో చెప్పాలంటే మాటలు చాలవు. ఆ చప్పుడు వినపడగానే కరెంటు తీయమని ఏళ్ల తరబడి నేర్పింది ఆయనే. తీయవద్దని చివరగా చెప్పిందీ ఆయనే. ఆ చుక్కలు తిరుగుతున్నంతసేపు ఆయన చెప్పిన పని ఒకటి ఇంకా ఈ ఇంట్లో నడుస్తోంది. అది ఆపితే ఇక ఆయన మొదలుపెట్టినది ఏదీ నడవదు. ఎవరో సిస్టం అది, నాకు తెలుసు. అయినా లేవలేకపోయాను.

అప్పుడే లలిత వచ్చింది. చావు కబురు విని వచ్చింది. నా పక్కన కూర్చుని చేయి పట్టుకుని ఏడ్చింది. తన లాప్‌టాప్ మాట ఎత్తలేదు. ఆమె మర్యాద అది. నేనే అడిగాను.

"లలితా, నీ సిస్టంల ఏమున్నయి బిడ్డా?"

"నమూనాలక్కా. మా మామయి. మొత్తం దాంట్లనే ఉన్నయి. ఎప్పుడన్న తీస్కపోత, ఇప్పుడు గా ముచ్చటెందుకు?"

"ఏడ పెట్టినవ్?"

"ఎదురుంగనే, తెర మీదనే."

అంటే మేం తుడిచింది వాటినే. దీపం దగ్గరి నుంచి లేచాను. మా ఆడబిడ్డలు "వదినే, యాడికి? లేవద్దు" అని కొంగు పట్టారు. మల్లేశం తలుపుకు అడ్డం వచ్చాడు.

"అన్న ముట్టద్దన్నడు వదినే."

"అన్నకు ఈ సప్పుడు ఇనవడలే మల్లేశం. ఇనవడితే ఆయనే తీసేటోడు. జరుగు."

"ఆఖరి మాట కాదంటవా?"

"జరుగు."

చీకటి గదిలో ఆ తెర ఒక్కటే వెలుగుతోంది. చుక్కలు ఇంకా తిరుగుతున్నాయి. తీగ పీకాను. బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. బటన్ నొక్కిపట్టాను. తెర నల్లబడింది, టిక్కు ఆగింది. గుమ్మంలో ఆడవాళ్లు మళ్లీ ఏడుపు ఎత్తుకున్నారు. నేను అప్పుడు ఏడవలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని డిస్కు విప్పాను. విప్పి చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చాను.

ఎవరి పేరు మీద

లలిత గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఏదో జరిగిందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. మల్లేశం నన్ను వెనక్కి తీసుకుపోయి మెల్లగా చెప్పాడు.

"డిస్కు కరాబై వచ్చిందని చెప్పు వదినే. అబద్ధం గూడ గాదు, కరాబే గద?"

అబద్ధం కాదు. అందుకే ఆ మాట ప్రమాదం. డిస్కు నిజంగానే ముసలిదై వచ్చింది. ఆ మాట చెబితే లలిత తల ఊపి, డిస్కును కొంగులో కట్టుకుని వెళ్లిపోయేది. మా ఆయన పేరు చల్లగా ఉండేది. కానీ డిస్కు ముసలిదైనందుకు ఒక నష్టం, దాన్ని మేము తుడిచినందుకు ఇంకో నష్టం. రెండోది ఆమెకు తెలియాలి.

"తుడిచేసినం బిడ్డా," అన్నాను. "మీ తమ్ముడు ఏం లేదన్నడు. మా ఆయన నిన్ను అడగాలె, అడగలే. ముందుగాల ఇంకోదాంట్లకు ఎక్కించి పెట్టుకోవాలె, పెట్టలే. తప్పు మాదే."

లలిత నా చేతిలోని డిస్కు వంక చూసింది. చావు ఇంట్లో కోపం చూపించడానికి చోటుండదు కదా. "మా మామకు ఏమని చెప్పాలక్కా?" అని మాత్రం అంది.

ఆమె వెళ్లాక మల్లేశం నా మీద విరుచుకుపడ్డాడు. "సచ్చినోని మీద తప్పు పెడతవా? ఇంక బూడిద గూడ సల్లారలే! నేనైతే గా మాట నా నోట రానియ్యకపోతుంటి." అతని దుఃఖం అతనిది.

వచ్చినవి, రానివి

డిస్కును సుబేదారిలో ఒక పనివాడికి పంపాను. పోయినవి వెతికి తీయడమే అతని పని. మాకూ అతనికీ పెద్దగా పొసగదు, కానీ ఆ పనిలో అతన్ని మించినవాడు మా దిక్కు లేడు. "తుడిచి, పైన మూడుసార్లు విండోస్ ఎక్కియ్యబోయినం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి పంపాను. తరువాత అతనే చెప్పాడు, ఆ మాట చెప్పకపోతే పాడైన డిస్కని ఒకసారి చూసి పక్కన పడేసేవాడినని.

కొన్ని నమూనాలు నిండుగా వచ్చాయి. చాలావాటిలో సగమే వచ్చింది, మిగతాది బూడిద రంగు. కొన్ని అసలు రాలేదు. లలిత దగ్గర కూర్చుని చూశాను. జంపఖానా నమూనాలో నడుమ భాగం సగం దొరికితే, దాన్ని తిప్పి వేసుకుంటే రెండో సగం అవుతుందట. అంచు అట్లా రాదు. ముసలాయన ప్రతి నడుమ భాగానికీ వేరే అంచు వేసేవాడు. అవే ఎక్కువగా పోయాయి.

లలిత సాదా అంచు పెట్టి ఒకటి నేసింది. ముసలాయన మంచం పక్కన పరిచింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆడే చేతితో ఆయన దాన్ని తడిమాడు. నడుమ పువ్వుల మీద చెయ్యి మెల్లగా జరుగుతూ పోయింది. అంచు దాకా వచ్చి ఆగింది. ఇంకా ఏదో ఉండాలన్నట్టు ముందుకు జరిపాడు, నేల తగిలింది. చెయ్యి తీసుకుని మొహం గోడకు తిప్పుకున్నాడు. లలిత నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆమె నాకు చేసిన ఉపకారం.

ఆ తరువాత ఆ ఇంటి నుంచి ఏ సిస్టమూ మా దుకాణానికి రాలేదు. దారిలో కనిపిస్తే "బాగున్నవా అక్కా" అంటుంది. అంతే. అది నాకు న్యాయంగానే తోస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఆయన పోయాక చాలా ఏళ్లు దుకాణం నేనే నడిపాను. చదువుకున్న కుర్రవాళ్లను పెట్టుకున్నాను, తెర వాళ్లది, వినడం నాది. కొత్త డిస్కులు ఇప్పుడు చప్పుడు చేయవు, చెప్పకుండానే పోతాయి. కాబట్టి నా చెవి ఇక పనికిరాదు. అయినా కొన్ని మాటలు మిగిలాయి.

తెచ్చినవాడిని అడిగి ఊరుకోకండి, వాడేవాళ్లను అడగండి. ఫోను చేయించండి. "ఏమన్న ఉన్నదా?" అని అడిగితే "ఏం లేదు" అనే వస్తుంది. "పొద్దున లేవగానే ఏం తీస్తవు దీంట్ల?" అని అడగండి, అప్పుడు చెబుతారు. తుడవమని ఎంత తొందర పెట్టినా ముందు వేరేచోటికి ఎక్కించి ఉంచుకోండి. ఆగిపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టేముందు ఫ్యాను బంద్ చేసి కూర్చోండి. మీ ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరిదీ తుడవకండి. ఆయనకు ఆ పొద్దున ఒంట్లో బాగుండి ఉంటే తప్పక అడిగి ఉండేవాడని నాకు అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన అడిగినట్టు కాదు.

మా ఆయన మంచి పనివాడు. నాకు తెలిసినవాళ్లలో ఆయనంత నిదానంగా పనిచేసేవాడు ఇంకొకడు లేడు. ఆయన చేసిన ఆఖరి పని తప్పు పని. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని కాపాడడానికి ఇంకొకదాన్ని దాచితే, ఆ ముసలాయన చెయ్యి నేలకు ఎందుకు తగిలిందో చెప్పేవాళ్లు ఉండరు.

శ్రావణీ, ఇక ఆపు. నాకు కళ్లు సరిగా కనపడకపోయినా నీ వేళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది. పెద్దబాపు నమూనాలు తుడిచిండని నేను చెప్పిన కాడ నీ వేళ్లు ఆగాయి. మీ బాపు అబద్ధం చెప్పమన్న మాట కాడ ఇంకా ఎక్కువసేపు ఆగాయి. తరువాత కొట్టావు, కానీ నేను చెప్పినంత కొట్టలేదు. వాళ్లిద్దరూ నిన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పినవాళ్లు, నాకు తెలుసు బిడ్డా. లలిత కూడా దీన్ని ఎన్నడన్న చదువుతుంది. ఆ రెండు చోట్లా ఏం రాశావో చదివి వినిపించు, వదిలిన మాటలు మళ్లీ చెబుతాను. మెల్లగా చదువు.